బట్టమేక దొడ్డికి పట్టదు

కొత్తగా చేరిన ఫారెస్టు వాచర్లు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కాళ్ళకు కొత్త బూట్లు, చేతిలో కొత్త కర్ర. కూర్చోగానే అడిగే మాట ఒకటే: "పెద్దాయనా, మీ కాలంలో పులులుండేవా?"

లేవు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య పులి బతకాలంటే ముందు దానికొక గొడుగు కొనివ్వాలి. అంత చదును నేల, అంత ఎండ. ఆ నేలలో నేను సర్వీసంతా కాపలా కాసింది గడ్డిని, ఆ గడ్డిలో నేల మీదే గుడ్లు పెట్టే పిట్టల్ని. ఈ మాట వినగానే కొత్తవాళ్ళ మొహాలు వాడిపోతాయి. పిల్లనిచ్చే మామకు ఏమని చెప్పుకోవాలా అని వాళ్ళ దిగులు. మా మామ కూడా అడిగాడు. పిట్టగుడ్లకు కాపలా అని చెబితే, "కోడిగుడ్లకైతే రెండు ఇంటికి తెచ్చుకోవచ్చు గదప్పా" అన్నాడు.

నాకు మాత్రం ఆ పని చేసినందుకు ఇవాళ్టికీ ఛాతీ విరుచుకొని తిరగాలనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బత్తా బిల్లులు ఇందులో ఉండవు. అవి కావాలంటే ఆఫీసులో ఏదో ఒక గోడకు ఆనుకొని నిలబడండి, అడక్కుండానే ఎవరో ఒకరు చెబుతారు.

నోటితో వచ్చిన ఉద్యోగం

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. పాస్టరుగారు నాకు దేవదానం అని పేరు పెట్టాడు. దేవుడు దానం చేసిన నన్ను బడి మాత్రం నాలుగో తరగతిలోనే తిరిగి ఇచ్చేసింది. అయ్యవారిని నవ్వించడం నాకు వచ్చు, లెక్కలు రావు. ఆయనకేమో లెక్కలే కావాల్సి వచ్చింది. అట్లా ఆదోని చేరి పత్తి మిల్లులో బోరాలు మోసుకుంటూ పెద్దవాణ్ణయ్యాను.

మా తాలూకా బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తలో ఆదోనికి కొత్త రేంజరు వచ్చాడు. పేరు వరదరాజులు. చిత్తూరు వైపు మనిషి, మద్రాసులో చదువుకున్నాడు. మిల్లు ఎదుట టీ హోటల్లో కూర్చొని ఒకరోజు వచ్చినవాళ్ళనల్లా అడుగుతున్నాడు, ఈ చుట్టుపక్కల బట్టమేక కనిపిస్తుందా అని.

బట్టమేక అంటే మేక కాదు. ఈ మాట ఇక్కడే గట్టిగా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితోనే గొడవంతా. అది పిట్ట. మనిషి నడుమంత ఎత్తుంటుంది. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ. పొలం కొలవడానికి వచ్చిన పెద్ద అధికారి మాదిరి, బురద అంటుతుందేమో అన్నట్టు కాళ్ళెత్తి ఎత్తి నడుస్తుంది. ఎగరగలదు గాని, ఎగరడం తన హోదాకు తక్కువన్నట్టు ఉంటుంది దాని వాలకం.

"కనపడతాది సార్," అన్నాను నేను. "కాకుంటే మనకు అది కనపడేలోపలే దానికి మనం కనపడతాం."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. "ఆ మాట ఎవరు చెప్పారు నీకు?"

"అదే సెప్పింది సార్. నన్ను సూసి పారిపోయి."

మరుసటి వారం నుంచి నేను టెంపరరీ వాచర్ని. నాలుగో తరగతి చదువుకు ఉద్యోగం రాలేదు, నోటికి వచ్చింది. ఆ నోటివల్లనే అది పోయే పరిస్థితి కూడా వచ్చింది. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మాధవరం ఒడ్డున మంచు దేశం

ఆ చలికాలంలో రేంజరుగారు నన్ను సైకిలు మీద మాధవరం తీసుకుపోయాడు. తుంగభద్ర తగ్గి ఒడ్డున బురద మేటలు వేసి ఉంది. ఆ బురదలో పిడికెడంత ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా, ముక్కుతో కుట్టుమిషను కుట్టినట్టు పొడుచుకుంటూ పోతున్నాయి.

"దేవదానం, వీళ్ళది ఏ ఊరో చెప్పు."

"మాధవరమోళ్ళే సార్. పుట్టినకాడ్నించి ఈడనే సూస్తాండాను."

"ఎండాకాలంలో చూశావా?"

"ఎండలకు మాధవరం జనమే మాధవరంలో ఉండరు సార్, ఇంగ పిట్టలేముంటాయి."

అప్పుడు చెప్పాడు. ఇవి పుట్టింది ఇక్కడ కాదట. హిమాలయాలు దాటి, రష్యా దాటి, ఇంక నేల అయిపోతుందనగా ఒక దేశం ఉందట. చెట్టన్నది లేదు. నేల అడుగున ఏడాది పొడుగునా మంచే, ఎండాకాలంలో పైపైన మూరెడు మాత్రం కరిగి చిత్తడవుతుంది. ఆ ఎండాకాలం కూడా మన పెళ్ళి సందడంతే, వచ్చినంతసేపు ఉండదు. ఆలోపలే ఈ పిట్టలు అంత దూరం ఎగిరి పోవాలి, జతకూడాలి, నేల మీద చిన్న గుంట చేసి గుడ్లు పెట్టాలి, పిల్లల్ని లేపాలి, మళ్ళీ చలి రాకముందే బయలుదేరాలి. మంచు ఆలస్యంగా కరిగిన ఏడు గుడ్లు పెట్టే వీలే ఉండదు, వచ్చిన దారినే తిరిగి పోవాలి. ఆయనకు చదువు చెప్పిన మేష్టారొకాయన ఆ దేశం కళ్ళారా చూసి వచ్చాడట.

"ఆ కొన్నాళ్ళూ అక్కడ సూర్యుడు అస్తమించడు," అన్నాడు రేంజరుగారు.

"అస్సలు మునగడా సార్?"

"మునగడు. చుట్టూ తిరుగుతూ ఉంటాడు."

"మరి కూలోళ్ళను పనిలోంచి ఎప్పుడు ఇడిసిపెడతారు?"

ఆయన నవ్వి నవ్వి సైకిలు పడేశాడు. నేను ఆగలేదు. "పిల్లలకు మేతేంది సార్ ఆడ?"

"దోమలు, పురుగులు. నేల నిండా దోమలే. పిల్ల గుడ్డులోంచి బయటపడిన రోజే పరుగెత్తి తనే ఏరుకుంటుంది."

"దోమలకోసమైతే అంత దూరం యాల పోవాల? ఎమ్మిగనూరు ఉండాది గదా."

"నువ్వు నవ్వుతున్నావు గాని," అన్నాడాయన, "ఆ దేశానికీ నీ బీడుకూ పెద్ద తేడా లేదయ్యా. రెండిటికీ చెట్టు లేదు. రెండు చోట్లా గూడంటే నేలే. అక్కడ మంచు కరగాలి, ఇక్కడ వాన పడాలి. పడగానే పురుగు లేస్తుంది. పురుగున్న ఆ కొన్నాళ్ళలోనే కాపురమంతా ముగించాలి. తప్పితే ఏడాది తప్పినట్టే."

ఆ రోజే నాకు పనిలో మొదటి పాఠం కూడా చెప్పాడు. కొత్తవాళ్ళు దీన్ని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నేల మీది గూటిని చూడాలంటే దాని దగ్గరికి పోయి, చూసి, వెనక్కి రాకూడదు. పక్కనుంచి ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ దాటిపోవాలి. పోయి ఆగి తిరిగి వచ్చారంటే, మీ కాలిబాట ఎక్కడ ఆగిందో అక్కడ భోజనం ఉందని గుంటనక్కకు వేరే చెప్పనక్కర్లేదు. మంచు దేశంలో కూడా ఇదే రూలట. అక్కడి నక్క తెల్లగా ఉంటుందట, బుద్ధి మాత్రం నలుపే.

ఒకే ఒక గుడ్డు

ఎమ్మిగనూరు దారిలో సర్కారు బీడు ఒకటి ఉండేది. చుట్టూ పత్తి, జొన్న, కొర్ర చేలు. మధ్యలో కనుచూపు మేర గడ్డి. నల్లరేగడి నేల. ఆదోని మిల్లులు పత్తి ఎంత తెచ్చినా మింగుతున్న రోజులవి. అంత మంచి నేల ఊరికే పడి ఉందని చుట్టుపక్కల పెద్దరైతులకు కడుపుమంట. బీడును దున్నకానికి ఇవ్వాలని కర్నూలులో పైఅధికారి దగ్గర పట్టుబట్టారు.

మా రేంజరుగారు అడ్డం పడ్డాడు. అక్కడ బట్టమేక గుడ్డు పెడుతుంది, ఆ పిట్ట ఇంకెక్కడా ఇట్లా నిలబడడం లేదు అన్నాడు. పైఅధికారి విని, "పిట్ట తిరిగితే చాలదు. అక్కడ పిల్ల లేచిందని ఈ వానాకాలంలో చూపించండి. పిట్టల పిచ్చి లేని మనిషి ఒకడు కళ్ళతో చూసి చెప్పాలి. లేకపోతే వచ్చే ఏడు నాగళ్ళు దిగుతాయి" అన్నాడు.

కాబట్టి పందెం ఇది: పిల్ల లేస్తే బీడు ఉంటుంది. లేకపోతే పత్తి చేను అవుతుంది. బీడు పోతే బట్టమేక పోతుంది, ఆ గడ్డి మీద బతికే గొర్రెల కాపరి కురువ ఈరన్న మంద పోతుంది, టెంపరరీ దేవదానం మళ్ళీ బోరాల కిందికి పోతాడు.

పైగా బట్టమేక పెట్టేది ఒకటే గుడ్డు. తీతువు నాలుగు పెడుతుంది, పూరేడు ఇంకా ఎక్కువ పెడుతుంది, వాటికి ఒకటి పోయినా ధైర్యం. ఈ మహాతల్లికి ఒకటే.

ఆ ఏడు ముంగారు వాన, అదే తొలకరి, దండిగా పడింది. బీడులో మిడతలు లేచాయి. మగ బట్టమేక మెడ సంచిని కమ్మరి తిత్తిలా ఊదుకొని, తోక వీపు మీదికి విసనకర్రలా ఎత్తి, బావిలోంచి ఎవరో మూలిగినట్టు కూసింది. కొన్నాళ్ళకు ఆడది గుంపులోంచి తప్పుకుంది. నేను ఏమీ ఎరగనట్టు దాటిపోతూ చూశాను. పొట్టి గడ్డిలో, ఎండిన పేడ రంగులో ఒక గుడ్డు. గూడు లేదు, పుల్ల లేదు. నేల మీద పెట్టేసి పైన కూర్చుంది, అంతే.

నేను పరుగున ఆదోని పోయాను.

గోదావరి చెవులు

రేంజరుగారు కర్నూలు క్యాంపుకు పోయి ఉన్నాడు. ఆఫీసులో హెడ్ గుమాస్తా సుబ్బారావుగారు ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి. మంచివాడే, పని తెలిసినవాడే. కానీ మా ఎండకు అలిగి ఉన్నాడు. నున్నటి బట్టతల మీద తడిగుడ్డ వేసుకొని ఫైళ్ళు చూసేవాడు.

"సార్, ఎమ్మిగనూరు బీడులో బట్టమేక కూసుంది," అన్నాను రొప్పుతూ.

"కూర్చుంటే లేపు."

"లేపగూడదు సార్, అదే గదా సెప్పేది."

"సర్కారు బీడులో మేక కూర్చుంటే లేపకూడదటయ్యా? ఇదేం రాజ్యం?"

"మామూలు మేక గాదు సార్, బట్టమేక. రేంజరు సారుకు ఎట్లైనా తెలపల్ల. దానికోసమే గదా ఆయప్ప కర్నూలు దాకా కొట్లాడింది."

"మేకకోసం రేంజరు కొట్లాడాడా?" ఆయన తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు. "సరే, నేను చూసుకుంటాను. వెళ్ళు."

నేను నిశ్చింతగా వెనక్కి వచ్చేశాను. చెప్పింది చెప్పినట్టే చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను. ఆయన విన్నదే గోదావరి చెవులతో.

ఆయన చూసుకున్నాడు. సర్కారు బీడులో బట్టమేక పడింది, వెంటనే పట్టి దొడ్డికి తోలమని ఎమ్మిగనూరు బందెలదొడ్డికి కబురు పెట్టాడు. చేలల్లో పడిన గొడ్లను తోలి కట్టేసే చోటది. దొడ్డి మనిషి కూడా పట్నపువాడు, పిట్టల సంగతి వాడికేం తెలుసు. వాడు బీడుకు వచ్చి ఈరన్న మందలో నిలబడ్డాడు. గొర్రెలున్నాయి, మేకలున్నాయి. ఇందులో బట్టమేక ఏదని వెతికాడు. మందకు ముందు నడిచే మేకపోతు ఒకటి కనపడింది. పొద్దస్తమానం ఢీలు కొట్టి కొట్టి దాని నెత్తిన వెంట్రుకలన్నీ రాలిపోయి నున్నగా ఉంది. వాడికి ఇంక సందేహం లేకపోయింది. బట్టతల మేకను తాడేసి పట్టుకుపోయాడు.

ఆ పోతు లేకపోతే మంద కదలదు. కదిలితే దాని వెనకే కదులుతుంది. అందుకని మొత్తం మంద ఎమ్మిగనూరు బజారు మధ్యలోంచి దాని వెంబడి నడిచి, దొడ్డి గోడ చుట్టూ నిలబడి అరవడం మొదలుపెట్టింది. మగ్గాలు ఆపి జనం బయటికి వచ్చారు. నేను పోయేసరికి ఈరన్న దొడ్డి గేటు ముందు నిలబడి ఉన్నాడు. పొట్టిగా గట్టిగా ఉండే మనిషి, భుజాన కంబళి.

"ఏమప్పా దేవదానం, మా పోతు సేసిన తప్పేంది?"

"తప్పేం లేదన్నా. దాని నెత్తి బట్టతల, అందుకే."

"బట్టతలకు దొడ్డికి పంపేదైతే ముందు మీ గుమాస్తాను గదప్పా పంపల్ల."

జనం నవ్వారు. ఈరన్న నవ్వలేదు. తాతల కాలం నుంచి ఆ బీడులో మేపుతున్నాడు. ఒక్కనాడు పక్క చేలో గొర్రె మూతి పెట్టనివ్వని మనిషి. అట్లాంటివాడు ఊరి మధ్యలో దొంగ గొడ్లవాడి మాదిరి నిలబడాల్సి వచ్చింది.

రేంజరుగారు తిరిగి వచ్చి పోతును విడిపించాడు. సంగతి విని, గోడ పట్టుకొని మరీ నవ్వాడు. ఆ తర్వాత మాత్రం ఒక మాటన్నాడు. "జరిగింది తప్పే గాని, మందలు బీడులోకి రాకపోవడం మంచిదే. ఒక్క గిట్ట పడిందంటే గుడ్డు చితికిపోతుంది. పిల్ల లేచేదాకా ఎవరినీ రానివ్వకు."

నాకూ అది భేషుగ్గా తోచింది. కర్ర పట్టుకొని బీడు అంచున నిలబడ్డాను. ఈరన్న పోతును ముందు పెట్టి, మందను కౌతాళం వైపు తోలుకుపోయాడు.

రేంజరు బోర్లా పడుకున్న రోజు

వాన మళ్ళీ పడింది. మళ్ళీ పడింది. మేసేవాళ్ళు లేని గడ్డి మోకాలు దాటింది, తొడ దాటింది. నేను రోజూ చూసి మురిసిపోయాను. ఇంత మంచి తెర ఉంటే గుడ్డు ఎవరికి కనపడుతుంది అనుకున్నాను.

పిట్ట మాత్రం మురియలేదు. మొదట్లో గుడ్డు మీద కూర్చుంటే మెడ ఒకటి పైకి నిలబెట్టి నలువైపులా చూసేది. ఇప్పుడు కూర్చుంటే మెడ గడ్డిలో మునిగిపోతోంది. లేచి నిలబడుతుంది. చూస్తుంది. కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది. కొన్నాళ్ళకు గుడ్డు వదిలి దూరం పోయి నిలబడడం మొదలుపెట్టింది. గుడ్డు మీద వానచినుకులు. అవతల గడ్డిలో నక్క నడిచినా మనకూ కనపడదు, దానికీ కనపడదు.

రేంజరుగారు వచ్చి చాలాసేపు చూశాడు. దాని తిండికి లోటు లేదు, మిడతలున్నాయి. జనం రావడం లేదు. మరి దేనికి బెదురుతోంది? అట్లా ఆలోచిస్తూ ఆలోచిస్తూ, ఆ ఖాకీ బట్టలతోనే ఆ రేగడి బురదలో బోర్లా పడుకున్నాడు. గడ్డం నేలకు ఆనించి, కాస్త తలెత్తి ముందుకు చూశాడు.

"సార్, పైకి లేస్తే మా ఇంటామె మీ గుడ్డలు ఉతకను అంటాది."

"నువ్వూ పడుకోవయ్యా."

పడుకున్నాను. రేగడి ఎంత ప్రేమగా పట్టుకుంటుందో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

"ఏం కనిపిస్తోంది?"

"గడ్డి సార్."

"ఇంకా?"

"గడ్డి ఎనకాల గడ్డి."

ఆయన లేచి కూర్చున్నాడు. మూతికి బురద. కానీ కళ్ళు మాత్రం మాధవరం ఒడ్డున ఉన్నట్టే వెలుగుతున్నాయి. "మనం దానికి తెర కట్టామనుకున్నాం. కళ్ళకు గంతలు కట్టాం. నేల మీద కూర్చునే పిట్టకు దాక్కోవడం రెండో సంగతి. ముందు దూరం నుంచే చూడాలి. మంచు దేశంలో ఏ మొక్కా చీలమండ దాటి లేవదు దేవదానం. కూర్చున్న పిట్టకు ఆకాశం అంచు దాకా కనిపిస్తుంది. అందుకే కదా అంత దూరం పోయి అక్కడే పెట్టేది."

"ఆడ గడ్డి యాల పెరగదు సార్?"

"చలి పెరగనివ్వదు. అక్కడ గడ్డిని చలి మేస్తుంది." అని ఆగాడు. "ఇక్కడ ఎవరు మేస్తారు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరం ఒకేసారి కౌతాళం వైపు తలలు తిప్పాం.

నేను చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. ఆర్డరు ఇచ్చినవాళ్ళు అందరూ. తను ఇచ్చిన ఆర్డరు తప్పని తెలుసుకోవడానికి బురదలో పడుకున్నవాడు ఈయనొక్కడే. కొత్తవాళ్ళు మీకు ఎట్లాంటి అధికారి దొరికాడో తెలియాలంటే ఆయన మోకాళ్ళు చూడండి.

పోతుతో మాట్లాడాల

కౌతాళం దగ్గర కొత్తగా తవ్విన కాలువ గట్టున ఈరన్న మంద మేపుకుంటున్నాడు. చుట్టూ కన్నడం మాటలు, మధ్యలో ఈయన గొర్రెల్ని తెలుగులో తిడుతున్నాడు. నేను సంగతంతా చెప్పాను. విని కడుపు పట్టుకొని నవ్వాడు.

"నా బతుకంతా మేకలు గడ్డి తింటాండాయని తిట్టినోళ్ళనే సూసినా. తినమని బతిమలాడేటోళ్ళను ఇప్పుడే సూస్తాండా."

"నిజమన్నా. పిట్టకు సూపు ఆనడం లేదు. గుడ్డు ఇడిసిపెట్టేమాదిరి ఉండాది. పిల్ల లేయలేదంటే బీడు దున్నేస్తారు. నీకూ ఉండదు, నాకూ ఉండదు."

ఆ మాటకు నవ్వు ఆపాడు. "వస్తా. కాకుంటే నువ్వు పిలిస్తే రాను, మీ రేంజరు పిలిచినా రాను. ఆ గుమాస్తా రావల్ల. వచ్చి మా పోతుతో మాట్లాడల్ల."

"పోతుతోనా?"

"నాకేం సేసినాడప్పా ఆయప్ప? దొడ్డికి పోయింది అది గదా."

ఈ కబురు ఆఫీసులో ఎట్లా చెప్పాలో నాకు దారి పొడుగునా తెలియలేదు. రేంజరుగారు మాత్రం, "బీడు మిగలాలా వద్దా, మీరే చెప్పండి" అన్నాడు గుమాస్తాతో. సుబ్బారావుగారు చాలాసేపు తడిగుడ్డ సర్దుకున్నాడు. మరునాడు పంచె పైకి దోపుకొని, చేతిలో అరటిపండ్లతో నా వెంట బస్సెక్కాడు.

కాలువ గట్టున పోతు ఎదురుగా నిలబడ్డాడు. ఒక బట్టతల ముందు ఇంకో బట్టతల. మా నవ్వు మేం కళ్ళతోనే మింగాం.

"ఏమనాలయ్యా?" అన్నాడు నాతో నెమ్మదిగా.

"మీకు తోచింది అనండి సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీ పేరు నాకు తప్పుగా వినిపించింది. ఏమీ అనుకోకు." అని అరటిపండు అందించాడు. పోతు తొక్కతో సహా తినేసి, రెండోదాని కోసం ఆయన పంచె చెంగు పట్టుకుంది.

"ఏమనుకోలేదంటాంది సామీ," అన్నాడు ఈరన్న. కంబళి భుజాన వేసుకొని ఈల వేశాడు.

బీడులో వాళ్ళిద్దరూ, ఈరన్నా పోతూ, చేసిన పని చూసితీరాల్సింది. మందను గుడ్డు వైపు తోలలేదు. దూరంగా పెద్ద వలయంలా తిప్పాడు. ఒక చుట్టు గడ్డి అయ్యాక ఇంకొంచెం లోపలికి. పలచగా, ఒకదాని వెనక ఒకటి, తొక్కిడి లేకుండా. కుక్కను దూరంగా గట్టు మీద కట్టేసి వచ్చాడు. "మేకలు కొసలు కొరుకుతాయి, గొర్రెలు అడుగు గీకుతాయి. ముందర మేకలు, ఎనకాల గొర్రెలు," అంటూ తనలో తను లెక్క చెప్పుకుంటూ నడిచాడు.

పిట్ట దూరంగా నిలబడి అంతా చూసింది. గడ్డి వంగిన కొద్దీ దాని మెడ నిలిచింది. కొన్నాళ్ళకు నడిచి వచ్చి గుడ్డు మీద కూర్చుంది. నేను ఊపిరి వదిలాను. అంతలోనే పోతుకు గర్వం ఎక్కి, వలయం దాటి సూటిగా గుడ్డు వైపు నడిచింది. ఈరన్న ఈల వేసేలోపలే పిట్ట లేచింది. రెక్కలు రెండూ విప్పి, తోక విచ్చి, తన సైజుకు రెండింతలై దాని ఎదురుగా నిలబడింది. ఎమ్మిగనూరు పోతులన్నిటినీ ఢీకొట్టిన ఆ బట్టతల ఒక్క క్షణం ఆలోచించి, పక్కకు తిరిగి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది.

"ఇంటికాడ నాది కూడా ఇదే బతుకు," అన్నాడు ఈరన్న దానివైపు జాలిగా చూస్తూ.

సాక్షి

గుడ్డు చాలా రోజులు వానలో నానింది కదా, లోపల ప్రాణం ఉందో లేదో ఎవరికీ తెలియదు. రేంజరుగారికీ తెలియదు. ఆ రోజుల్లో ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు, నేను కూడా జోకులు తగ్గించాను. అది చూసి మా ఇంటామె మరియమ్మకు భయం పట్టుకుంది. "జరమొచ్చిందా ఏమి?" అని నుదురు ముట్టుకొని చూసింది.

ఒక పొద్దున పిట్ట గుడ్డు దగ్గర లేదు. ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ దాటిపోయాను. గుంటలో పెంకులు. నక్క తిన్న పెంకులా, పిల్ల లోపలినుంచి పగలగొట్టుకున్న పెంకులా? ఆగి చూడ్డానికి లేదు, రూలు రూలే. నడుస్తూనే పోయాను.

ఈరన్న అవతలి గట్టున చేయి ఊపాడు. అరవలేదు. చూపుడువేలు మాత్రం పొట్టి గడ్డి వైపు చూపించి, అరచేతిని నేలకు జానెడు ఎత్తున పెట్టి చూపాడు.

మేసిన గడ్డి మీద ఆ పిట్ట పెద్ద అధికారి నడక నడుస్తోంది. దాని వెనక, కాళ్ళ కింద ఒక మట్టిముద్ద కూడా నడుస్తోంది. తల్లి ఆగితే ఆగుతుంది. తల్లి మిడతను పొడిచి చూపితే తను నోట కరుచుకుంటుంది.

సాక్షిగా ఎవరిని పంపాలో పైఅధికారి అప్పటికే చెప్పేశాడు. పిట్టల పిచ్చి బొత్తిగా లేని మనిషి మా ఆఫీసులో ఒకడే ఉన్నాడు. సుబ్బారావుగారు ఎద్దులబండి దిగి, గొడుగు వేసుకొని, ముళ్ళు చూసుకుంటూ బీడులోకి వచ్చాడు. రేంజరుగారు ఆయన్ని చేయి పట్టుకొని గట్టు మీద నిలబెట్టాడు. ఏమీ చెప్పలేదు. నన్ను కూడా చెప్పనివ్వలేదు.

ఆయన చాలాసేపు చూశాడు. ముందు తల్లిని చూశాడు. తర్వాత పిల్లను చూశాడు. గొడుగు మూశాడు.

"ఇదా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన కర్నూలుకు ఏం రాశాడో నాకు తెలియదు. బీడుకు నాగలి రాలేదు. నా సర్వీసు మొత్తం అది గడ్డిగానే ఉంది, ఈరన్న మంద వలయాలు తిరుగుతూనే ఉంది, నేను టెంపరరీ పోయి పర్మనెంటు అయ్యాను. ఏటా చలికాలం మాధవరం ఒడ్డున ఉల్లంకులు దిగినప్పుడల్లా, మీ చలి ఈ ఏడు బాగా మేసిందన్నమాట అనుకునేవాణ్ణి. కానీ సుబ్బారావుగారు రాసింది కాదు, ఆ గట్టు మీద అన్నది నాకు గుర్తు.

ఈరన్నకు ఆ రోజు ఆనందం పట్టలేదు. ఎమ్మిగనూరు బజారులో పడిన అవమానానికి ఇన్నాళ్ళకు బదులు దొరికింది. "అదే సామీ బట్టమేక," అన్నాడు పెద్ద గొంతుతో. "పట్టకపో మరి. నీ దొడ్లో పడతాదేమో సూడు."

సుబ్బారావుగారు ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. కళ్ళు ఆ పొట్టి గడ్డి మీదే ఉన్నాయి. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడవయ్యా," అన్నాడు. "అక్కడ బాలింత ఉంది."